వీపు మీద తిత్తి తీసిన తర్వాత నాలుగుసార్లు ఎర్రబడిన గాయం: ఒక కేస్ స్టడీ

చర్మం మీద చేసే చిన్న శస్త్రచికిత్స తర్వాత గాయం ఎర్రబడితే రోగి వెంటనే 'సెప్టిక్ అయింది' అంటాడు. వైద్యుడు కూడా చాలాసార్లు ఆ మాటనే ఒప్పుకుని యాంటీబయోటిక్ రాసి పంపేస్తాడు. ఇక్కడ వివరిస్తున్న రోగిలో ఒకే కోత చుట్టూ వాపు, ఎరుపు నాలుగు వేర్వేరు సందర్భాల్లో, నాలుగు వేర్వేరు కారణాలతో వచ్చాయి. వాటిలో నిజమైన ఇన్ఫెక్షన్ ఒక్కటే. ఎరుపు ఎంత మేర ఉందన్నదాని కన్నా అది శస్త్రచికిత్స జరిగిన ఎన్నో రోజున మొదలైంది, నొప్పితో వచ్చిందా దురదతో వచ్చిందా, అంచులు ఎలా ఉన్నాయి అన్న ప్రశ్నలే నిర్ణయానికి ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం అదే. రోగిని గుర్తించడానికి వీలైన వివరాలేవీ ఇందులో ఇవ్వలేదు.

రోగి, శస్త్రచికిత్స

రోగి యాభై దాటిన పురుషుడు. వీపు పైభాగంలో, వెన్నెముకకు కాస్త పక్కగా, దాదాపు 3 సెంటీమీటర్ల గడ్డ ఏళ్ల తరబడి ఉంది. నడుమ చిన్న నల్లటి రంధ్రం కనిపిస్తుంది, గడ్డ చర్మంతో పాటే కదులుతుంది, కింది కండరానికి అంటుకోలేదు. ఇది ఎపిడెర్మాయిడ్ సిస్ట్. దీన్ని ఇప్పటికీ చాలామంది సెబేషియస్ సిస్ట్ అనే పిలుస్తారు, కానీ లోపల ఉండేది తైలగ్రంథుల స్రావం కాదు, తిత్తి గోడ నుంచి పొరలుపొరలుగా రాలి పేరుకున్న కెరటిన్ అనే చర్మపు ప్రోటీన్. కొన్ని నెలల క్రితం ఆ తిత్తి ఉబ్బి, ఎర్రబడి, దానంతట అదే కొంత చితికి తగ్గింది. అలా ఉబ్బిన సమయంలో తిత్తిని పూర్తిగా తీయడానికి ప్రయత్నించడం నాకు ఇష్టం ఉండదు. గోడ మెత్తబడి ముక్కలవుతుంది, పొర ఏదో వాచిన కణజాలం ఏదో తెలియదు, మిగిలిపోయిన చిన్న ముక్క నుంచి తిత్తి మళ్లీ పెరుగుతుంది. పైగా అప్పటి గాయం శుభ్రమైన గాయం కిందికి రాదు. అందుకే వాపు పూర్తిగా తగ్గి, గడ్డ మళ్లీ చేతికి స్పష్టంగా దొరికే వరకూ ఆగాం.

రోగికి టైప్ 2 మధుమేహం ఉంది, హెచ్‌బీఏ1సీ 8.1 శాతం (గత రెండు, మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష). గుండెకు స్టెంట్ వేయించుకుని ఉన్నందువల్ల రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వాడుతున్నాడు. పొగ తాగడు. మందుల అలర్జీ గురించి అడిగితే ఏమీ లేదన్నాడు. చర్మం మీది చిన్న కోత కోసం స్టెంట్ ఉన్న రోగి చేత ఆస్పిరిన్ మాన్పించడం సరికాదు: గాయంలో కారే రక్తాన్ని నొక్కి పట్టి ఆపవచ్చు, స్టెంట్‌లో గడ్డకట్టిన రక్తాన్ని అలా ఆపలేం. కాబట్టి ఆస్పిరిన్ కొనసాగించాం. మధుమేహం విషయంలో ఇంకొన్నాళ్లు ఆగి చక్కెరను మరింత అదుపులోకి తెచ్చుకుని చేసుకునే వీలు కూడా ఉందని చెప్పాం. తిత్తి మళ్లీ ఉబ్బుతుందేమోనన్న భయంతో రోగి ముందుకే మొగ్గాడు.

చర్మాన్ని ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేసి, పూర్తిగా ఆరనిచ్చాం. ఆరనివ్వడం గురించి ప్రత్యేకంగా రాయడానికి రెండు కారణాలున్నాయి. క్రిములు చావడానికి ఆ ద్రావణం చర్మం మీద ఆరేంతసేపు ఉండాలి. ఆరకముందే విద్యుత్ కాటరీ (కణజాలాన్ని వేడితో కాల్చి రక్తం ఆపే పరికరం) వాడితే ఆల్కహాల్ ఆవిరి అంటుకుని మండే ప్రమాదం ఉంది. వీపు మీది వెంట్రుకలను బ్లేడుతో గీయకుండా క్లిప్పర్‌తో కత్తిరించాం, ఎందుకంటే బ్లేడు వేసే కంటికి కనిపించని గాట్లే బాక్టీరియాకు దారులవుతాయి. 1 శాతం లిగ్నోకెయిన్ అనే మత్తుమందును 1:200000 పాళ్లలో అడ్రినలిన్‌తో కలిపి తిత్తి చుట్టూ ఎక్కించాం. రంధ్రంతో సహా కండె ఆకారంలో చర్మాన్ని కోసి, తిత్తిని పగలకుండా బయటికి తీశాం. లోపల ఏర్పడిన ఖాళీని కరిగిపోయే పాలీగ్లాక్టిన్ దారంతో మూసి, చర్మానికి నైలాన్ కుట్లు వేసి, ఒత్తిడి కట్టు కట్టాం. తీసిన తిత్తిని పాథాలజీకి పంపాం. చూడగానే తిత్తి అని తెలిసినా సరే, శరీరం నుంచి తీసినదాన్ని పరీక్షకు పంపకుండా పారవేయకూడదు.

ముందుజాగ్రత్తగా యాంటీబయోటిక్ ఇవ్వలేదు. శుభ్రమైన చర్మం మీద, ఛాతీలోనో వీపులోనో చేసే సాదా కోతకు అది అవసరం లేదు. కోత మోకాలి కింద గానీ గజ్జల్లో గానీ ఉంటే, పెదవి, చెవి భాగాలను ముక్కగా కోసి తీయాల్సి వస్తే, ముక్కు మీద చర్మాన్ని జరిపి మూయాల్సి వస్తే ఇన్ఫెక్షన్ అవకాశం పెరుగుతుంది. అక్కడ శస్త్రచికిత్సకు ముందు ఒకే ఒక్క డోసు గురించి ఆలోచించడంలో అర్థం ఉంది. శస్త్రచికిత్స ముగిశాక 'ఎందుకైనా మంచిది' అంటూ ఐదు రోజులకు బిళ్ళలు రాసే అలవాటుకు మాత్రం ఆధారం ఏమీ లేదు.

మొదటి రాత్రి

శస్త్రచికిత్స జరిగిన రోజు రాత్రే రోగి తిరిగి వచ్చాడు. వీపు బిగిసినట్టుందని, సలుపు నిమిషనిమిషానికీ పెరుగుతోందని, పడుకోలేకపోతున్నానని చెప్పాడు. కట్టు విప్పి చూస్తే కోత కింద గట్టి వాపు ఉంది, చర్మం నీలం కలిసిన ఎరుపులో మెరుస్తోంది, రెండు కుట్ల మధ్య నుంచి ముదురు రక్తం చుక్కలుగా ఊరుతోంది. జ్వరం లేదు. ఇంత త్వరగా వచ్చేది సాధారణంగా ఇన్ఫెక్షన్ కాదు. బాక్టీరియా పెరిగి, తెల్ల రక్తకణాలు చేరి, చీము ఏర్పడడానికి రోజులు పడుతుంది. చర్మపు గాయాల్లో అది ఎక్కువగా నాలుగో రోజు తర్వాతే బయటపడుతుంది. మొదటి 24 గంటల్లో వచ్చే వాపును వేరే నిర్ధారణ జరిగేవరకూ రక్తపు గడ్డ, అంటే హెమటోమా, గానే అనుకోవాలి.

ఎందుకు వచ్చిందో ఊహించడం కష్టం కాదు. అడ్రినలిన్ రక్తనాళాలను బిగించి ఉంచినంతసేపు గాయం పొడిగా, అందంగా కనిపిస్తుంది. కొన్ని గంటల్లో ఆ బిగువు సడలి నాళాలు తెరుచుకుంటాయి. అప్పటికి రోగి ఇంటికి చేరి, వంగడమో బరువెత్తడమో చేస్తూ ఉంటాడు. ప్లేట్‌లెట్లను ఆస్పిరిన్ మందగింపజేసిన రోగిలో ఈ అంతరం ఇంకా ప్రమాదకరం. వీపు పైభాగం చేయి కదిలిన ప్రతిసారీ సాగే చోటు కూడా.

చిన్నగా, పెరగకుండా, నొప్పి లేకుండా ఉన్న హెమటోమాను నొక్కి కట్టు కట్టి వదిలేయవచ్చు. వారం, పది రోజుల్లో అది నీరైనప్పుడు లావు సూదితో లాగేయవచ్చు. పెరుగుతున్నదాన్ని మాత్రం అలా వదలకూడదు. ఈ రోగిలో వాపు మా కళ్ల ముందే పెరుగుతోంది కాబట్టి ఆ రాత్రే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి, నడిమి కుట్లు విప్పి, గడ్డలు తీసి, కారుతున్న చిన్న నాళాన్ని కాటరీతో ముట్టించి, సెలైన్‌తో కడిగి, కొద్దిగా వదులుగా మళ్లీ మూశాం. గాయాన్ని రెండోసారి తెరిచినందువల్ల, మధుమేహం కూడా ఉన్నందువల్ల ఈసారి తెరవబోయే ముందు నరం ద్వారా ఒక్క డోసు సెఫజోలిన్ అనే యాంటీబయోటిక్ ఇచ్చాం.

రక్తపు గడ్డను తీయడం నొప్పి తగ్గించడానికి మాత్రమే కాదు. గడ్డకట్టిన రక్తం బాక్టీరియాకు ఆహారం. తెల్ల కణాలు దాని నడిమికి చేరలేవు. పైన సాగిన చర్మానికి రక్తప్రసరణ తగ్గుతుంది. లోపల మిగిలే దారం సంగతీ అంతే. 1957లో ఎలెక్, కోనెన్ అనే పరిశోధకులు స్టెఫైలోకాకస్ అనే, చీము పట్టించే బాక్టీరియా మీద చేసిన ప్రయోగాల్లో, మామూలు చర్మంలో చీము పట్టించడానికి లక్షల సంఖ్యలో బాక్టీరియా కావలసి వస్తే, ఒక్క కుట్టు ఉన్నచోట అందులో పదివేలవ వంతు సరిపోయిందని తేలింది. లోపలి కుట్లు ఎన్ని అవసరమో అన్నే వేయాలని శిక్షణలో ఉన్నవారికి చెప్పేటప్పుడు నేను ఈ ప్రయోగం గురించే చెబుతాను. ఖాళీని మూయాలి, నిజమే. కానీ మూయడానికి వాడే ప్రతి ముడీ బాక్టీరియాకు ఒక ఆశ్రయం.

ఐదో రోజు

తర్వాతి మూడు రోజులు ప్రశాంతంగా గడిచాయి. ఐదో రోజున రోగి భార్యతో కలిసి వచ్చి, "డాక్టరు గారూ, మొత్తం సెప్టిక్ అయిపోయిందండీ" అన్నాడు. చొక్కా తీసేసరికి కోత చుట్టూ అరచేయంత మేర ఎర్రగా ఉంది. ఆ ఎరుపు గుండ్రంగానో, ఒక వైపు పాకుతున్నట్టో లేదు. దాదాపు నాలుగు మూలల పలకలా, గాజుగుడ్డ పరిచినంత మేరకే, గీత గీసినట్టు ఆగిపోయింది. దగ్గరగా చూస్తే దాని మీద ఆవగింజలంత నీటి పొక్కులు, కొన్ని చితికి తడిగా ఉన్నాయి. కుట్ల వరుస మాత్రం బాగానే ఉంది, అంచులు కలిసి ఉన్నాయి. నొక్కితే నొప్పి లేదు. "నొప్పి సంగతి సరేనండీ, రాత్రంతా గోకకుండా ఆపలేకపోతున్నాను" అని అతని భార్య చెప్పింది. జ్వరం లేదు.

ఇన్ఫెక్షన్ నొప్పి పెడుతుంది, అలర్జీ దురద పెడుతుంది. ఈ తేడా నూటికి నూరు పాళ్లు నిలవదు గానీ, గాయాన్ని చూస్తూ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. రెండో ప్రశ్న, ఏమేం పూశారు అని. రోగి మొదట ఏమీ పూయలేదన్నాడు. కాసేపటికి భార్య సంచిలోంచి ఒక ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది: మేము రాయనిది, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్నది, నియోమైసిన్ ఉన్న ఆయింట్‌మెంట్. దెబ్బ తగిలినప్పుడల్లా ఇంట్లో అదే పూస్తామని, ఎప్పుడూ ఏమీ కాలేదని చెప్పింది. ఇంతకాలం ఏమీ కాకపోవడం అలర్జీని తోసిపుచ్చదు. పదేపదే తగిలిన మందుకే శరీరం సెన్సిటైజ్ అవుతుంది, అంటే దాన్ని గుర్తుపెట్టుకుని ఎదిరించడం నేర్చుకుంటుంది. ఆ తర్వాత మళ్లీ తగిలితే రెండు, మూడు రోజుల్లో ఇలా పొక్కుతుంది. నియోమైసిన్ ఈ విషయంలో ఎంత పేరు మోసిందంటే, అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ఏటా ప్రకటించే 'ఈ ఏటి అలర్జీ కారకం'గా 2010లో దాన్నే ఎంచుకుంది. అంతకుముందు 2003లో ఎంచుకున్నది బాసిట్రాసిన్. రెండూ గాయాలకు పూసే యాంటీబయోటిక్‌లే కావడం గమనించాలి.

శుభ్రంగా కుట్టిన గాయానికి యాంటీబయోటిక్ ఆయింట్‌మెంట్ అవసరమా అన్న ప్రశ్నకు చాలాకాలం క్రితమే సమాధానం దొరికింది. 1996లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వెలువడిన పరీక్షలో కొందరు రోగులకు బాసిట్రాసిన్, మరికొందరికి తెల్ల పెట్రోలియం జెల్లీ పూసి పోల్చి చూస్తే, ఇన్ఫెక్షన్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అలర్జీ వచ్చింది మాత్రం బాసిట్రాసిన్ వాడిన వారిలోనే. గాయానికి కావలసింది తేమ. ఆ తేమను జెల్లీ చౌకగా, అలర్జీ లేకుండా నిలుపుతుంది.

ఆయింట్‌మెంట్ ఆపించి, అంటించే టేపు కూడా కారణమై ఉండవచ్చన్న అనుమానంతో దాన్నీ మార్చి, సెలైన్‌తో కడిగి, కుట్ల వరుసకు తగలకుండా చుట్టూ ఉన్న చర్మానికి మాత్రం మధ్యస్థ శక్తి గల స్టెరాయిడ్ క్రీము, కోతకు పెట్రోలియం జెల్లీ రాశాం. "ఇంత ఎర్రగా ఉంటే బిళ్ళలు రాయకుండా జెల్లీ పూసుకోమంటారేంటండీ?" అని రోగి అడిగాడు. అడగడం న్యాయమే. బిళ్ళలతో ఈ ఎరుపు తగ్గదని, ఒకవేళ అదే సమయంలో తగ్గితే ఆ బిళ్ళల వల్లే తగ్గిందని మనం అనుకుంటామని, ఆ ట్యూబు మాత్రం ఇంట్లోనే ఉండి తర్వాతి గాయానికి మళ్లీ ఇదే చేస్తుందని వివరించాం. నొప్పి మొదలైనా, జ్వరం వచ్చినా, ఎరుపు పలక దాటి పాకినా ఆ రోజే రమ్మని చెప్పి పంపాం.

ఒక రకంగా అలర్జీ కూడా ఇన్ఫెక్షన్‌కు దారి తీయగలదు. పొక్కులు చితికి చర్మపు రక్షణ పొర తెగుతుంది; గోకిన గోళ్ల కింద స్టెఫైలోకాకస్ ఉంటుంది. అందుకే ఈ రోగిని మామూలుగా కుట్లు విప్పే రోజు వరకూ వదిలేయకుండా మధ్యలో రమ్మన్నాం.

తొమ్మిదో రోజు: చీము

తొమ్మిదో రోజుకు పొక్కులు ఎండిపోయాయి, దురద పోయింది, పలకలాంటి ఎరుపు వెలిసిపోయి గోధుమ రంగులోకి మారింది. కానీ కోత కింది కొస దగ్గర కొత్తగా సలుపు మొదలైందని రోగి చెప్పాడు. అక్కడ రెండు కుట్ల చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర ఎరుపు, వేడి, గట్టిదనం ఉన్నాయి. అంచు స్పష్టంగా లేదు. వేలితో నొక్కగానే రోగి ఒక్కసారి ముందుకు జరిగాడు, కుట్టు పక్కనుంచి పసుపుపచ్చని చిక్కటి చుక్క పైకి వచ్చింది. ఉష్ణోగ్రత 37.8 డిగ్రీల సెల్సియస్, నాడి నిమిషానికి 92. శస్త్రచికిత్స జరిగిన 30 రోజుల్లోపు, చర్మానికీ దాని కింది పొరకూ పరిమితమై, చీముతో కనిపించినదాన్ని కోత ప్రదేశపు ఉపరితల ఇన్ఫెక్షన్ అంటాం. ఈసారి రోగి అన్న 'సెప్టిక్' అనే మాట నిజమే.

దీనికి మొదటి చికిత్స మందు కాదు, తెరవడం. ఆ కొస దగ్గరి కుట్లు విప్పి, మొద్దుగా ఉన్న ఫోర్సెప్స్‌తో లోపలికి నెమ్మదిగా పోయి, చీము గదుల గోడలు విడగొట్టి, కారినదంతా కారనిచ్చి, సెలైన్‌తో ధారగా కడిగాం. కింద కండరంపైనున్న పొర గట్టిగా, మెరుస్తూ, చెక్కుచెదరకుండా ఉంది. ఆ పొర మెత్తబడి, వేలు సులభంగా దాని వెంట జారిపోతే అది పూర్తిగా వేరే జబ్బు, వేరే అత్యవసరం. లోపల వదులైన ఒక దారపు ముడి కనిపిస్తే దాన్నీ తీసేశాం. తిత్తి గోడ మిగిలిన ఆనవాలు లేదు. తడి గాజుగుడ్డను వదులుగా పెట్టి, ఆ భాగాన్ని మళ్లీ కుట్టకుండా అడుగు నుంచి మానడానికి వదిలేశాం. పై భాగంలో గాయం బాగానే అతుక్కుని ఉన్నందున అక్కడి కుట్లను ముట్టుకోలేదు.

కల్చర్‌కు (ఏ బాక్టీరియా ఉందో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు) నమూనా ఎలా తీశామన్నది చిన్న విషయంగా కనిపించినా ఫలితాన్ని అదే నిర్ణయిస్తుంది. కట్టు విప్పగానే పైన ఉన్న తడిని దూదిపుల్లతో అద్ది పంపితే చర్మం మీద నివసించే ప్రతి బాక్టీరియా పేరూ నివేదికలో వస్తుంది, వైద్యుడు వాటన్నింటికీ మందు వెతుక్కుంటూ కూర్చుంటాడు. పైభాగాన్ని సెలైన్‌తో కడిగాక, లోపలి చీమును సిరంజిలోకి లాగి పంపాం. గ్రామ్ స్టెయిన్‌లో, అంటే రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూసే పరీక్షలో, గుత్తులుగా ఉన్న గ్రామ్ పాజిటివ్ కోకై (గుండ్రటి బాక్టీరియా) అదే రోజు కనిపించాయి. తర్వాత కల్చర్‌లో స్టెఫైలోకాకస్ ఆరియస్ పెరిగింది. అది మెథిసిలిన్ అనే యాంటీబయోటిక్‌కు, దాని జాతి మందులకు లొంగే రకం. ఆరోగ్యవంతుల్లో దాదాపు మూడో వంతు మంది ముక్కు రంధ్రాల్లో ఈ బాక్టీరియా ఏ హానీ చేయకుండా నివసిస్తూ ఉంటుంది కాబట్టి, అది థియేటర్ నుంచే వచ్చిందని అనుకోవాల్సిన పని లేదు. ఇంకో విషయం: ఈ బాక్టీరియా సెఫజోలిన్‌కు లొంగేదే, రెండోసారి తెరిచినప్పుడు ఆ మందు ఒక డోసు వెళ్లింది కూడా. అయినా చీము పట్టింది. ముందుజాగ్రత్త డోసు పనిచేసేది కోత తెరిచి ఉన్న ఆ కొద్ది గంటల్లోనే. ఐదో రోజున గోళ్లతో వచ్చినదాన్ని అది ఆపలేదు.

యాంటీబయోటిక్ ఇవ్వాలా వద్దా అన్నది ఈ కేసులో నిజంగా ఆలోచించాల్సిన ఘట్టం. అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కోత తెరిచి చీము వదిలించాక, ఎరుపు గాయం అంచు నుంచి 5 సెంటీమీటర్లు దాటినప్పుడు, జ్వరం 38.5 డిగ్రీలు మించినప్పుడు, నాడి నిమిషానికి 110 దాటినప్పుడు, తెల్ల రక్తకణాలు 12,000 మించినప్పుడు యాంటీబయోటిక్ జోడించడం గురించి ఆలోచించాలి. ఈ రోగి వీటిలో ఏ గీతా దాటలేదు. అయినా చక్కెర సరిగా అదుపులో లేని శరీరంలో తెల్ల కణాలు నెమ్మదిగా కదులుతాయి, జ్వరం తక్కువగా చూపిస్తుంది, కాబట్టి ఆ అంకెలను అతనికి యథాతథంగా వర్తింపజేయడం నాకు సబబనిపించలేదు. పెన్సిలిన్ జాతి మందులతో ఎప్పుడైనా దద్దుర్లు వచ్చాయా అని మళ్లీ అడిగి నిర్ధారించుకుని, సెఫలెక్సిన్ అనే యాంటీబయోటిక్ ఐదు రోజులకు రాశాం; కల్చర్ నివేదిక వచ్చాక మార్చాల్సిన అవసరం కలగలేదు. మధుమేహం లేని రోగిలో ఇదే గాయానికి నేను చీము వదిలించి ఊరుకునేవాణ్ని. మెథిసిలిన్‌కు లొంగని రకం ఎక్కువగా కనిపించే చోట మొదటి మందు ఎంపిక కూడా వేరుగా ఉంటుంది.

ఎరుపు అంచు చుట్టూ చర్మం మీద పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ, సమయం రాశాం. ఈ ఒక్క గీత ఫోన్‌లో జరిగే ఎన్నో అనవసర సంభాషణలను తగ్గిస్తుంది: మర్నాడు "తగ్గిందా?" అని అడిగితే "తగ్గినట్టే ఉందండీ" అనే జవాబుకు బదులు "గీతకు లోపలే ఉందండీ" అనే జవాబు వస్తుంది. మర్నాటికి ఎరుపు గీత కన్నా వేలెడు లోపలికి వెళ్లింది, సలుపు తగ్గింది. గాజుగుడ్డ మార్చడం భార్య నేర్చుకుని ఇంట్లోనే చేసింది. పద్నాలుగో రోజున పైభాగపు కుట్లు విప్పాం. కింది భాగం ఎర్రటి కొత్త కండతో నిండుకుంటూ, మూడు వారాల్లో మూసుకుపోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మొదటి 48 గంటల్లోనే జ్వరం, పాకుతున్న ఎరుపు, కనిపిస్తున్న గాయానికి పొంతన లేనంత తీవ్రమైన నొప్పి, చెక్కలా బిగిసిన చర్మం, ఊదా రంగు పొక్కులు, నొక్కితే కరకరమనడం వీటిలో ఏది కనిపించినా నాలుగో రోజు వరకూ ఇన్ఫెక్షన్ రాదన్న లెక్క పక్కన పెట్టాలి. స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్, క్లాస్ట్రీడియం జాతులు గంటల వ్యవధిలో కణజాలాన్ని తినేయగలవు. వాటికి చికిత్స అప్పటికప్పుడు విశాలంగా కోసి చచ్చిన భాగాన్ని తీసివేయడమే, మందులు దానికి తోడు మాత్రమే. పైకి గాయం బాగానే కనిపిస్తూ, రోగికి మాత్రం జ్వరం, ఒళ్లంతా దద్దు, రక్తపోటు పడిపోవడం ఉంటే టాక్సిక్ షాక్‌ను (బాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రాణాంతక స్థితిని) గుర్తు చేసుకోవాలి.

ఏడో వారం

గాయం మూసుకుని అంతా అయిపోయిందనుకున్నాక, ఏడో వారంలో మచ్చ మధ్యలో కందిగింజంత ఎర్రటి బుడిపె లేచింది. నొప్పి పెద్దగా లేదు, తల దగ్గర తెల్లగా ఉంది. ఇంత ఆలస్యంగా వచ్చినదాన్ని నేను రెండు రకాలుగా ఆలోచిస్తాను. మొదటిది సాధారణం: లోపలి దారాన్ని శరీరం బయటికి నెట్టడం. పాలీగ్లాక్టిన్ దారం బలం నాలుగు వారాల్లో దాదాపు పోతుంది గానీ పూర్తిగా కరగడానికి 56 నుంచి 70 రోజులు పడుతుంది. చర్మానికి దగ్గరగా వేసిన ముడి ఈ మధ్యకాలంలో పైకి తన్నుకొస్తుంది. రెండోది అరుదు, కానీ మరిస్తే నెలల తరబడి రోగిని తిప్పుతుంది: వేగంగా పెరిగే మైకోబాక్టీరియా, అంటే చెలోనే, ఫార్చూయిటమ్, అబ్‌సెసస్ లాంటివి. ఇవి కుళాయి నీటిలో నివసిస్తాయి, క్రిమిరహితం కాని నీటితో కడిగిన పరికరాల ద్వారా గాయంలోకి చేరతాయి, వారాల తర్వాత ఎర్రటి గడ్డలుగా, చీము కారే రంధ్రాలుగా బయటపడతాయి. మామూలు యాంటీబయోటిక్‌లకు తగ్గవు; మామూలు కల్చర్ నివేదికలో 'ఏమీ పెరగలేదు' అని వస్తుంది. ల్యాబ్‌ను ప్రత్యేకంగా అడిగి యాసిడ్ ఫాస్ట్ స్టెయిన్ (ఈ బాక్టీరియాను చూపే రంగు పరీక్ష), మైకోబాక్టీరియా కల్చర్ చేయించాలి. ఒకే చోట చేయించుకున్న ఇద్దరు రోగులు ఇలా వస్తే అక్కడి పరికరాల శుద్ధినే మొదట అనుమానించాలి.

ఈ రోగిలో బుడిపె ఒక్కటే. చుట్టూ గట్టిదనం లేదు, చంకలో గ్రంథులు వాయలేదు. సూది మొనతో తల విప్పగానే చిన్న చీము చుక్క వెంట ఊదారంగు దారం కొస కనిపించింది. సన్నని ఫోర్సెప్స్‌తో పట్టి లాగితే ముడి మొత్తం వచ్చేసింది. యాంటీబయోటిక్ ఇవ్వలేదు. అయినా ఆ చుక్కను మైకోబాక్టీరియా కల్చర్‌కు పంపాం, రెండు వారాల్లోపు తగ్గకపోతే ఆ మచ్చ ముక్క తీసి బయాప్సీ చేయాలనుకున్నాం. వారంలోనే ఆనవాలు లేకుండా పోయింది, కల్చర్‌లోనూ ఏమీ పెరగలేదు.

ఇంటి దగ్గరి జాగ్రత్తల గురించి

రోగులు ఎక్కువగా అడిగే ప్రశ్న నీళ్ల గురించే. కుట్లు విప్పేవరకూ తడి తగలనివ్వకూడదన్న నమ్మకం బలంగా ఉంది. 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, చిన్న చర్మ కోతల తర్వాత 12 గంటల్లోనే కట్టు తీసి మామూలుగా స్నానం చేసిన వారిలో ఇన్ఫెక్షన్ 8.4 శాతం, 48 గంటలు పొడిగా ఉంచిన వారిలో 8.9 శాతం. అంటే నీరు తగలడం వల్ల ఇన్ఫెక్షన్ పెరగలేదు. కారుతున్న నీళ్లతో స్నానానికి నాకు అభ్యంతరం లేదు. గాయాన్ని తొట్టెలోనో కొలనులోనో నానబెట్టడం వేరు. ఒక్క షరతు, రక్తస్రావం భయం ఉన్న రోగిలో మొదటి 24 గంటలు ఒత్తిడి కట్టును కదల్చకూడదు, ఆ కారణం నీళ్లు కాదు, ఒత్తిడి.

కుట్లు విప్పాక గాయం గట్టిపడిందని రోగి అనుకుంటాడు. మూడో వారానికి కూడా మచ్చ బలం మామూలు చర్మంలో ఐదో వంతు మాత్రమే ఉంటుంది. నెలలు గడిచినా దాదాపు 80 శాతం దగ్గరే ఆగిపోతుంది. వీపు, భుజం మీద కోతలున్నవారు కుట్లు విప్పిన మర్నాడే బరువెత్తి గాయం విచ్చుకుని రావడానికి ఇదే కారణం. ఈ రోగికి ఆరు వారాలు బరువులు వద్దని రాసి ఇచ్చాం.

పాథాలజీ నివేదిక ఎపిడెర్మాయిడ్ సిస్ట్‌నే నిర్ధారించింది, అనుమానించదగ్గ కణాలేవీ లేవు. అడుగు నుంచి మానిన చోట మచ్చ కాస్త వెడల్పుగా, కొద్దిగా ఉబ్బుగా మిగిలింది. రోగికి అది ఇబ్బందిగా లేదు కాబట్టి దానికి చికిత్స ఏమీ చేయలేదు. వీపు చర్మం పూర్తిగా నెమ్మదించాక ప్యాచ్ టెస్ట్ (అనుమానించిన పదార్థాలను చర్మానికి అంటించి అలర్జీ వస్తుందేమో చూసే పరీక్ష) చేశాం. 48 గంటలకు చూసినప్పుడు నియోమైసిన్ దగ్గర ఏమీ కనిపించలేదు; నాలుగో రోజున లేత ఎరుపు, ఏడో రోజున పొక్కులతో స్పష్టమైన పాజిటివ్ వచ్చింది. నియోమైసిన్ ఇలా ఆలస్యంగా పలకడం మామూలే, అందుకే ఏడో రోజు చూడడం మానకూడదు. టేపు జిగురుకు స్పందన రాలేదు. రోగి చీటీ మీద నియోమైసిన్ అలర్జీ అని, అదే జాతికి చెందిన జెంటామైసిన్, టోబ్రామైసిన్‌లను కంటికి, చెవికి వేసే చుక్కల రూపంలో కూడా జాగ్రత్తగా చూసి వాడాలని రాసి, ఆ కాగితం నకలు ఒకటి అతని మధుమేహ వైద్యుడికి పంపాం.